నాయనతో వాదించి గెలిచాననుకుంటున్న అమ్మాయికి

ప్రశ్న: మాది కొండపి దగ్గర పల్లెటూరు. ఒంగోల్లో పీజీ చదువుతున్నాను. మా నాయన చాలా ఏళ్లుగా వర్జీనియా పొగాకు వేస్తున్నాడు. సంక్రాంతికి ఇంటికెళ్లినప్పుడు మాటామాటా పెరిగింది. "పొగాకు మనుషుల్ని చంపుతుంది, నువ్వు పొగాకు పండిస్తున్నావు, కాబట్టి నువ్వు చేసేది తప్పు" అన్నాను. "నేను మానేస్తే ఇంకోడు ఏస్తాడు. తాగేవోడికి లేని బాధ నాకెందుకు? గవర్నమెంటే బోర్డు పెట్టి కొంటుంటే నాది తప్పెట్టయింది? ఆ డబ్బుతోనే గదా నువ్వు సదువుకుంటుండేది" అన్నాడు. ఆ నాలుగూ తర్కదోషాలేనని ఒక్కోదానికి పేరు పెట్టి మరీ చెప్పాను. లేచి పొగాకు ఎండబెట్టే బ్యారన్ దగ్గరికి వెళ్లిపోయాడు. అప్పట్నుంచీ నాతో సరిగా మాట్లాడటం లేదు. బెంగళూరులో ఉద్యోగం చేసే మా అన్నేమో "లాజిక్‌లోకి ఎథిక్స్ తెస్తే ఇంతే, అది ఎవరి ఫీలింగ్ వాళ్లది" అంటాడు. నా వాదన కరెక్టే కదా? వాదనలోకి నీతిని తేకూడదా? ఇంకోటి, ఇంత అన్నాక ఆయన దగ్గర ఫీజు డబ్బులు తీసుకోవచ్చా?

సమాధానం:

అమ్మా, ముందు సూటిగా చెప్పేస్తాను. నీ వాదన నిలబడదు. మీ అన్న చెప్పింది అసలే నిలబడదు. మీ నాయన అన్న నాలుగు మాటల్లో కనీసం రెండిట్లో పస ఉంది, నువ్వు వాటికి పేర్లు పెట్టే తొందరలో వినలేదు. అట్లాగని పొగాకు గురించి నువ్వు పడే బాధ తప్పని నేననను. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం మన దేశంలో పొగాకు వల్ల ఏటా 13 లక్షల మందికి పైగా చనిపోతున్నారు. అది తెలిసీ, ఇంటి వెనక బ్యారన్‌లో అదే ఆకు ఎండుతుంటే చూస్తూ, ఏమీ అనిపించకుండా ఉండే కూతురికన్నా నువ్వే నయం. కానీ బాధ నిజమైనంత మాత్రాన దాంట్లోంచి తీసిన తీర్పు సరైనదైపోదు.

నీ మూడు వాక్యాలు ఒక కాగితం మీద రాసుకుని చూడు. మొదటిది డాక్టర్లు చెప్పే నిజం. రెండోది మీ పొలంలో కనపడే నిజం. మూడోదాంట్లో ఉన్నట్టుండి "తప్పు" వచ్చి కూర్చుంది, పై రెండిటిలో అది ఎక్కడా లేదు. స్కాట్లాండ్ తత్త్వవేత్త డేవిడ్ హ్యూమ్ 1739-40లోనే ఈ సంగతి పట్టుకున్నాడు. జనం "ఇది ఇలా ఉంది, అది అలా ఉంది" అని చెప్పుకుంటూ పోయి, ఎప్పుడు మళ్లుతారో తెలీకుండానే "కాబట్టి ఇలా చెయ్యాలి, అలా చెయ్యకూడదు"లోకి మళ్లిపోతారు, ఆ మలుపు ఎట్లా తిరిగారో మాత్రం ఎవరూ చెప్పరు అని ఆయన గొడవ. నువ్వూ చెప్పలేదు. నీ మనసులో ఒక నాలుగో వాక్యం ఉంది, అది నీకు ఎంత సహజంగా అనిపించిందంటే బయటికి చెప్పాల్సిన అవసరమే కనపడలేదు. బహుశా అది ఇట్లా ఉంటుంది: "మనుషుల్ని చంపే వస్తువు తయారీలో ఏ కాస్త పాలు పంచుకున్నా తప్పే."

ఇప్పుడు బయటికొచ్చింది కాబట్టి దాన్ని పరీక్షించొచ్చు. ఏ కాస్తయినా తప్పే అంటే, రోజుకూలికి ఆకు కోసే ఆడవాళ్లదీ తప్పే. బేళ్లు వేసుకెళ్లే లారీ డ్రైవర్‌దీ తప్పే. సిగరెట్ మీద పన్ను వసూలు చేసుకుని ఆస్పత్రులు నడిపే ప్రభుత్వానిదీ తప్పే. ఆ పంట డబ్బుతో పీజీ చదివే నీదీ తప్పే. కూలికొచ్చే అమ్మ దగ్గరికెళ్లి "నువ్వు చేసేది తప్పు" అని నాయనతో అన్నంత గట్టిగా అనగలవా? అనలేవు, అనకూడదు కూడా. అంటే నువ్వు నిజంగా నమ్మే సూత్రం అది కాదన్నమాట. కొంచెం తగ్గించి చూడు: "హాని జరుగుతుందని తెలిసి, బతకడానికి వేరే దారి చేతిలో ఉండి కూడా, లాభం కోసం అదే పని చేస్తే తప్పు." ఇది నాకు సబబుగా అనిపిస్తోంది, మీ నాయన కూడా బహుశా ఒప్పుకుంటాడు. కానీ ఇది ఒప్పుకోగానే నీకొక కొత్త బాధ్యత వచ్చి పడింది. ఆయనకి వేరే దారి ఉందా? ఉంటే ఏంటది? ఆ ప్రశ్నకి నీ ఉత్తరంలో ఒక్క ముక్క సమాధానం లేదు.

మీ అన్నకి చెప్పాల్సింది ఇక్కడే ఉంది. నీతిని వాదనలోకి తెస్తే గందరగోళం అవుతుందన్నాడు కదా. జరిగింది దానికి పూర్తిగా వ్యతిరేకం. నీతిసూత్రాన్ని దాచిపెట్టినన్నాళ్లూ నువ్వు తప్పుడు ఖచ్చితత్వంతో మాట్లాడావు. దాన్ని పైకి తీసి నలుగురు మనుషులకి వర్తింపజేసి చూసేసరికి అది పనికిరాదని తేలింది, దిద్దుకుంటే కొత్త వాస్తవాలు వెతకాల్సి వచ్చింది. ఫీలింగ్‌ని ఇట్లా పరీక్షించగలమా? "నాకు వంకాయ ఇష్టం" అన్నవాణ్ని ఎదురు ఉదాహరణ చెప్పి ఓడించలేం. "ఇది తప్పు" అన్నవాణ్ని ఓడించగలం, ఇప్పుడు నిన్ను ఓడించాం కదా. ఏం చెయ్యాలి అనే ప్రతి వాదనలోనూ ఒక విలువ దాక్కుని ఉంటుంది. "ఎకరానికి ఇంత లాభం వస్తుంది, కాబట్టి పొగాకే వెయ్యాలి" అనే మాటలో కూడా ఉంది, లాభమే చూసుకోవాలన్న విలువ. మీ అన్న నీతి లేని లాజిక్ అనుకుంటున్నది నీతి కనపడని లాజిక్ మాత్రమే.

మన న్యాయశాస్త్రంలో, అంటే కోర్టుల న్యాయం కాదు, పాతకాలపు తర్కశాస్త్రంలో, వాదనకి అయిదు అంగాలు చెప్పారు: ప్రతిజ్ఞ, హేతువు, ఉదాహరణ, ఉపనయం, నిగమనం. పాఠం చెప్పేవాళ్లందరూ వాడే ఉదాహరణే తీసుకో. కొండ మీద నిప్పుంది, ఎందుకంటే పొగ కనపడుతోంది, పొగ ఉన్నచోట నిప్పు ఉంటుంది, వంటింట్లో చూస్తున్నాం కదా, ఈ కొండ మీదా అట్లాంటి పొగే ఉంది, కాబట్టి నిప్పుంది. ఈ అయిదింటిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైంది మధ్యలో ఉన్న ఉదాహరణ. ఊరికే ఏదో ఒకటి చెప్పేస్తే కుదరదు. దేని గురించైతే పండితుడికీ మామూలు మనిషికీ ఒకే అభిప్రాయం ఉంటుందో అదే దృష్టాంతం, అంటే ఉదాహరణ, అన్నాడు న్యాయసూత్రాలు చెప్పిన గౌతముడు. అంటే ఎదుటివాడు ముందే ఒప్పుకున్న చోటునుంచి బయల్దేరాలి. నువ్వు యూనివర్సిటీలో నేర్చుకున్న దోషాల పేర్లనుంచి బయల్దేరావు. ఆయన దగ్గర ఉన్నవాటిల్లోంచి ఒక్కటీ తీసుకోలేదు.

తీసుకోవడానికి బోలెడున్నాయి. "నేను మానేస్తే ఇంకోడు ఏస్తాడు" అన్నాడు కదా. నకిలీ మిరప విత్తనాలు అమ్మినవాడు "నేను అమ్మకపోతే పక్క షాపువాడు అమ్ముతాడు" అంటే మీ నాయన ఊరుకుంటాడా? ఊరుకోడు. అంటే ఆ కారణం ఒక్కటే ఏ పనినీ సమర్థించలేదని ఆయనకి తెలిసే ఉంది, దాన్ని నువ్వు గుర్తు చెయ్యాలంతే. అయితే ఇక్కడ నిజాయితీగా ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. విత్తనాలు కొన్న రైతు మోసపోయాడు, సిగరెట్ కొన్నవాడు పెట్టె మీద హెచ్చరిక బొమ్మ చూసే కొన్నాడు. ఈ తేడా మీ నాయన వెంటనే పట్టుకుంటాడు, పట్టుకోవాలి కూడా. అప్పుడు నువ్వు చెప్పగలిగింది ఏంటంటే, నికోటిన్ అలవాటు చేసి వదలనివ్వని పదార్థం, చాలామంది బుద్ధి సరిగా తెలియని వయసులోనే మొదలుపెడతారు, కాబట్టి "తెలిసే తాగుతున్నాడు" అనేది సగం నిజం. సగం నిజం కాబట్టి మీ నాయన మాటకి సగం బలం ఉంది. దాన్ని సున్నా చేసి పారెయ్యకూడదు.

ఇంకా ఒక మెట్టు ముందుకెళ్తే, "ఇంకోడు ఏస్తాడు" అనేది వాస్తవంగా నిజమే కావచ్చు. ఏటా ఎంత పంట వెయ్యాలో పొగాకు బోర్డు నిర్ణయిస్తుంది, కంపెనీలకి కావాల్సిన ఆకు కావాల్సిందే, ఒక బ్యారన్ ఆగితే ఆ ఆకు ఇంకో బ్యారన్ నుంచి వస్తుంది. కాబట్టి "నువ్వు మానేస్తే ప్రాణాలు నిలబడతాయి" అని ఆయనతో అనకు, అది నీకు తెలియని సంగతి. వాస్తవాన్ని ఒప్పుకుని, దాంట్లోంచి ఆయన తీసిన "కాబట్టి నాకేం సంబంధం లేదు" అనేదాన్ని మాత్రం ప్రశ్నించు. ఎదుటివాడి వాక్యంలో ఏది నిజమో ఏది కాదో విడదీసి, నిజాన్ని ముందు ఒప్పుకోవడం చాలామందికి ఓటమిలా అనిపిస్తుంది. నాకైతే వాదనలో సగం పని అదే అనిపిస్తుంది.

ప్రభుత్వం గురించి ఆయన అన్నదాంట్లో చిన్న పొరపాటుంది. పొగాకు బోర్డు 1975 నాటి చట్టం కింద 1976లో గుంటూరు కేంద్రంగా వచ్చింది. రైతుల్ని నమోదు చేస్తుంది, వేలం నడుపుతుంది. వేలంలో కొనేది కంపెనీలూ వ్యాపారులూ. ఆ ప్రభుత్వమే 2003లో పొగాకు ఉత్పత్తుల ప్రకటనల మీద చట్టం తెచ్చింది, 2016 నుంచి పెట్టె మీద 85 శాతం జాగాలో హెచ్చరిక వెయ్యాలంది. రెండు పనులూ ఒకే ప్రభుత్వం చేస్తుంటే, అనుమతి ఉంది కాబట్టి మంచిదే అని తేల్చడం కుదరదు. ఇది కూడా మీ నాయనకి పుస్తకంలోంచి చెప్పక్కర్లేదు, పక్కనే నెల్లూరు జిల్లా కలిగిరి మండలం ఉంది. అక్కడి దూబగుంటలో 1992లో అక్షరాస్యత తరగతులకి వెళ్లిన ఆడవాళ్లు సారా కొట్టు మూయించారు. వాళ్లలో ముందు నిలిచిన దూబగుంట రోశమ్మ పేరు ఆయన తప్పకుండా వినుంటాడు. అప్పుడు సారాకి కూడా ప్రభుత్వ అనుమతి ఉంది, వేలంపాట ఉంది, దాని మీదొచ్చే ఆదాయం లేకపోతే ఖజానా ఎట్లా అన్న వాదన కూడా ఉంది. ఆ ఆడవాళ్లు ఆదాయం రాదని అనలేదు. ఆ ఆదాయం ఎవరి కూలి డబ్బులోంచి, ఎవరి ఒంటి మీద దెబ్బల్లోంచి వస్తోందని అడిగారు. లెక్కలో లేని మనుషుల్ని లెక్కలోకి తెచ్చారు. ఆ పోరాటం జిల్లా అంతా పాకి, సారా వేలంపాటలు ఆగిపోయి, చివరికి 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతా సారా బంద్ అయింది. వాదనలో నీతి చేసే పని ఇంతకన్నా బాగా చూపించే ఉదాహరణ నాకు తెలీదు: ఏ వాస్తవాలు లెక్కలోకి వస్తాయో, ఎవరి నష్టం నష్టంగా పరిగణించాలో నిర్ణయించేది అదే.

అదే కొలత నీకూ పెట్టుకో. నువ్వు లెక్కలోకి తీసుకున్నది సిగరెట్ తాగి చనిపోయేవాళ్లని మాత్రమే. మీ నాయన ఎక్కడా లేడు. పొద్దున్నే మంచుకి తడిసిన ఆకు కోసేటప్పుడు నికోటిన్ చర్మంలోంచి ఒంట్లోకి దిగుతుంది, తల తిరుగుతుంది, వాంతులవుతాయి. దీన్ని డాక్టర్లు జబ్బుగానే గుర్తించారు. వేళ్లకి పట్టిన ఆ నల్లటి జిగురు సబ్బుకి కూడా ఓ పట్టాన వదలదు, నువ్వు చిన్నప్పట్నుంచీ చూసే ఉంటావు. ఆకు బ్యారన్‌లో ఎక్కించాక పసుపు రంగు తిరిగే దశనుంచి ఈనె ఎండేదాకా రాత్రుళ్లు కట్టెలు ఎగదోస్తూ వేడి చూసుకుంటూ కూర్చోవాలి, కునుకు పట్టి వేడి ఎక్కువైతే రంగు పోతుంది, రంగు పోతే గ్రేడు పడిపోతుంది, గ్రేడు పడితే ఆ ఏడు అప్పు తీరదు. పొగాకు వల్ల నష్టపోయేవాళ్ల జాబితాలో ఆయన పేరు కూడా ఉందని ఆ రోజు నువ్వు ఒక్క మాట అనుంటే, ఆయన లేచి వెళ్లేవాడు కాదనిపిస్తుంది నాకు.

నాలుగో మాట సంగతి. "ఆ డబ్బుతోనే నువ్వు సదువుకుంటుండేది." దీన్ని నువ్వు వ్యక్తి మీద దాడి అన్నావు. పొగాకు హానికరం కాదని నిరూపించడానికి వాడితే అది దోషమే, నీ ఫీజుకీ ఊపిరితిత్తులకీ సంబంధం లేదు. కానీ ఆయన నిరూపించాలనుకున్నది అది కాదేమో! "ఈ పనిలో తప్పుంటే అది నా ఒక్కడిదే ఎట్లా అవుతుంది, ఫలితం అందరం తింటున్నాం కదా" అని ఆయన అడుగుతున్నాడు. అది బాధ్యత ఎవరెవరిదో పంచే ప్రశ్న. నీ మొదటి సూత్రానికి సరిగ్గా తగిలే ఎదురు ప్రశ్న. ఒకే వాక్యం ఒక ప్రశ్నకి జవాబుగా దోషం, ఇంకో ప్రశ్నకి జవాబుగా బలమైన హేతువు కాగలదు. ఏ ప్రశ్నకి జవాబు చెప్తున్నాడో అడగకుండా దోషం పేరు అంటించడం, నా దృష్టిలో, ఆ రోజు నువ్వు చేసిన పెద్ద తప్పు.

న్యాయశాస్త్రం చర్చని మూడు రకాలుగా చూసింది. నిజం తేల్చుకోవడానికి చేసేది వాదం. గెలవడానికి ఏ పట్టయినా పట్టేది జల్పం. తన పక్షమంటూ ఏమీ చెప్పకుండా ఎదుటివాడిది కూల్చడమే పనిగా పెట్టుకునేది వితండం. మీ ఇంట్లో జరిగింది జల్పం. చరకుడు వైద్యులకి చర్చ ఎట్లా చెయ్యాలో చెప్తూ, స్నేహంగా చేసే చర్చని, పోటీకి దిగే చర్చని వేరుచేశాడు. స్నేహంగా చర్చించేటప్పుడు భయం లేకుండా మాట్లాడు, ఓడిపోతానేమోనని బెదరకు, ఎదుటివాణ్ని ఓడించానని సంతోషపడకు అన్నాడు. ఇది మర్యాద పాఠం అనుకుంటారు చాలామంది, నేనట్లా అనుకోను. రోగం ఏంటో తేల్చాల్సిన ఇద్దరు వైద్యులు ఒకరికొకరు భయపడితే తమకి తెలిసింది దాచుకుంటారు, దాచుకుంటే రోగి పోతాడు. మీ నాయన కూడా ఇప్పుడు దాచుకుంటున్నాడు. వేరే దారి ఉందా అనే ప్రశ్నకి కావాల్సిన వివరాలన్నీ ఆయన దగ్గరే ఉన్నాయి. బ్యారన్ మీద ఎంత పెట్టాడు, అప్పు ఎవరి దగ్గర తెచ్చాడు, సొంత చేను ఎంత, కౌలు ఎంత, శనగ వేసి చూశాడా, కంది వేసి చూశాడా, సుబాబుల్, జామాయిల్ వేసిన పక్క రైతులకి ఏం మిగిలింది, బోర్డు వేలం లాగా అమ్ముకునే చోటు ఆ పంటల్లో దేనికైనా ఉందా? నిన్ను ఎదుటి పార్టీగా చూస్తున్నంతసేపూ ఇవేవీ చెప్పడు. చెప్పకపోతే నీ వాదనలో ఉన్న ఖాళీ పూడదు. అందుకే ఎదుటి మనిషితో సరిగా ఉండటం వాదనకి పైపూత కాదంటాను, అది లేకపోతే నీకు కావాల్సిన వాస్తవమే చేతికి రాదు.

కాబట్టి ఈసారి ఇంటికెళ్లినప్పుడు వాదన మళ్లీ మొదలెట్టకు. ముందు ఆయన నాలుగు మాటల్నీ ఆయన తరఫున నువ్వే చెప్పు, ఆయన చెప్పినదానికన్నా బలంగా చెప్పు, "నువ్వనేది ఇదే గదా నాయనా" అని అడుగు. అవునన్నదాకా ముందుకెళ్లొద్దు. తర్వాత పై ప్రశ్నలు అడుగు, జవాబులు రాసుకో. చదువుకున్నదానివి, లెక్క వెయ్యగలవు. ఏ పంటకి ఏం మిగులుతుందో ఇద్దరూ కలిసి ఒక కాగితం మీద వెయ్యండి. దారి నిజంగా ఉందని తేలితే, అప్పుడు "తెలిసి, దారి ఉండి" అనే సూత్రం ఆయనకి వర్తిస్తుంది, అప్పుడు నీ మాటకి బలం వస్తుంది. దారి లేదని తేలితే నీ ముగింపు మారాలి. పొగాకు నియంత్రణ మీద ఒక అంతర్జాతీయ ఒప్పందం 2005 నుంచి అమల్లో ఉంది, మన దేశం కూడా అందులో ఉంది. దాని 17వ అధికరణం పొగాకు రైతులకీ కూలీలకీ గిట్టుబాటయ్యే ప్రత్యామ్నాయాలు చూపించడంలో ప్రభుత్వాలు తోడ్పడాలంటుంది. అంటే దారి చూపించాల్సిన బాధ్యత ఎవరిదో ముందే రాసిపెట్టారు. "నాయనా నువ్వు చేసేది తప్పు" అనే వాక్యం "మనకి దారి చూపించకపోవడం తప్పు"గా మారిపోవచ్చు, అది ఒంగోలు కలెక్టరేట్‌లో ఇద్దరూ కలిసి అర్జీ పెట్టుకోగలిగిన మాట.

ఒకవేళ అన్నీ తేలాక కూడా ఆయన "నేను మానను" అంటే? అనొచ్చు. వాదన సరిగ్గా కుదిరినంత మాత్రాన మనిషి మారతాడని ఏ శాస్త్రమూ హామీ ఇవ్వలేదు. అప్పుడు నీ అభిప్రాయం నీది, చెప్పు, దాచుకోకు, కానీ ఆయన్ని తక్కువ చేసి చెప్పకు.

ఇక ఫీజు. తీసుకో. మానేస్తే ఒక్క ఆకు కూడా తగ్గదు, ఆయన మాత్రం నలిగిపోతాడు, నీ చదువు ఆగిపోతుంది. ఉద్యోగం వచ్చాక ఇంటి ఖర్చులో నీ వంతు వేసుకుంటే, పొగాకు ఒక ఎకరం తగ్గించుకునే ధైర్యం ఆయనకి రావొచ్చు, ఆ సంగతి ఇప్పుడే చెప్పి ఉంచు. కాకపోతే డబ్బు తీసుకుంటున్నావు కాబట్టి ఇకనుంచి ఈ పంట గురించి మాట్లాడేటప్పుడు "నువ్వు" అనకుండా "మనం" అను. వేలం మొదలయ్యాక ఒకరోజు సెలవు పెట్టుకుని ఆయనతో పాటు కొండపి వేలం కేంద్రానికి వెళ్లు, బేళ్ల వరసల మధ్య నిలబడి ఎవరు ఎంతకి పాడుతున్నారో, ఏ బేలు ఎందుకు వెనక్కి పోతోందో ఆయన్ని అడిగి తెలుసుకో.